కలిసినయి గని ఇంకా కల్వలే: చిన్న గెలాక్సీలు పెద్దదానిలో కలిసిపోయే తీరును ఎలా చదవాలి

వానలు మొదలైన ఒక జులైలో పడవ మీద సిరోంచ నుంచి కిందికి, ప్రాణహిత గోదావరిలో కలిసే చోటికి వెళ్లాను. రెండూ ఒకటైపోయాయని నేను అనుకున్న చోట పడవ నడిపే తాత తెడ్డుతో నీళ్ల మీద గీత గీసినట్టు చూపించాడు. "గీ మడ్డిగున్నయి మన ప్రాణహితవి సారూ. గా అవతలియి గోదారివి. కలిసినయి గని ఇంకా కల్వలే." ఒకే నదిలో రెండు రంగుల నీళ్లు పక్కపక్కనే పోతున్నాయి.

ఉపగ్రహ గెలాక్సీల మీద పనిచేసే ఖగోళ శాస్త్రవేత్తలు చేసేది తాత చేసిన పనే. మన పాలపుంత లాంటి పెద్ద గెలాక్సీ చుట్టూ చిన్న గెలాక్సీలు తిరుగుతుంటాయి. పెద్దదాని గురుత్వాకర్షణ వాటిని సాగదీస్తుంది, వాటి గ్యాస్ ఊడిపోతుంది, నక్షత్రాలు తీగలా బయటికొస్తాయి. చాలావరకు చివరికి పెద్దదానిలోనే కలిసిపోతాయి. ఇదంతా జరగడానికి వందల కోట్ల ఏళ్లు పడుతుంది. కూర్చుని చూడలేం కాబట్టి, కలిసిన నీళ్లలో ఏవి ఎవరివో విడదీసి, అక్కడి నుంచి వెనక్కి లెక్కగట్టాలి. ఇంకో సంగతి. ప్రాణహిత కూడా ఒంటరి నది కాదు, వార్ధా వైన్‌గంగ కలిస్తేనే ప్రాణహిత. గెలాక్సీల్లోనూ ఇదే కథ. పెద్ద మెగల్లానిక్ మేఘం తన వెంట చిన్న మేఘాన్నీ, ఇంకొన్ని బుల్లి గెలాక్సీలనూ తీసుకునే మన పాలపుంత దగ్గరికి వచ్చింది.

నేను మహారాష్ట్ర అంచున ఉన్న ఈ సిరోంచలోనే జూనియర్ కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. ఇంట్లో తెలుగు, క్లాసులో మరాఠీ. వాళ్ల పుస్తకంలో గెలాక్సీని 'దీర్ఘికా' అంటారు. ఆ మాట నాకు చాలా ఇష్టం, కానీ ఇక్కడ గెలాక్సీ అనే రాస్తాను. ఒక లాప్‌టాప్, మధ్యమధ్యలో పోయినా మళ్లీ వచ్చే నెట్, ఇంటర్ లెక్కలు ఉంటే ఇందులో సగం పని మీరే చేయొచ్చు. మిగతా సగం పెద్ద టెలిస్కోపుల పని. అది ఎలా జరుగుతుందో తెలిస్తే చాలు.

1. ముందు కళ్లతో చూడండి

చాలామంది ఈ మెట్టు వదిలేసి నేరుగా డేటా దగ్గరికి పోతారు. వదలొద్దు. మా వైపు అడవి ఎక్కువ, ఊరు దాటి రెండు కిలోమీటర్లు పోతే చీకటి చీకటిగానే ఉంటుంది. పుణెలో ఉండేవాళ్లకు ఇది దొరకదు.

ముందే ఒక నిరాశ కూడా చెప్పేస్తాను. ఉపగ్రహ గెలాక్సీ అనగానే అందరూ చెప్పే పెద్ద మెగల్లానిక్ మేఘం సిరోంచ నుంచి కనిపించదు. మనం సుమారు 18.85 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నాం, అది దక్షిణంగా దాదాపు 70 డిగ్రీల దగ్గర ఉంది. దక్షిణ దిక్కున అది ఎక్కే గరిష్ఠ ఎత్తు డిగ్రీన్నర కూడా లేదు, అంటే మోదుగ చెట్ల వెనకే ఉండిపోతుంది. అగస్త్య నక్షత్రం కనిపిస్తుంది కదా, దానికి ఇంకా 17 డిగ్రీలు దక్షిణంగా ఉందీ మేఘం. కన్యాకుమారి వెళ్తే దిగంతానికి 12 డిగ్రీల పైన దొరుకుతుంది.

మనకు దొరికేవి మూడు. మొదటిది ఆండ్రోమెడా గెలాక్సీ. దీపావళి అమావాస్య కాబట్టి ఆ రెండు మూడు రోజులు ఆకాశం చీకటిగా ఉంటుంది. టపాసుల పొగ తగ్గాక రాత్రి తొమ్మిది పది మధ్య నడినెత్తికి కాస్త ఉత్తరంగా చూడండి. ఉత్తరాభాద్ర నక్షత్రం పట్టుకుని అక్కడి నుంచి ఈశాన్యంగా జరిగితే ఒక పొగమరక కనిపిస్తుంది. అది 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. నాలుగంగుళాల టెలిస్కోపులో దాని పక్కనే రెండు చిన్న మరకలు కూడా కనిపిస్తాయి, ఎం32, ఎం110. ఆ రెండూ దాని ఉపగ్రహాలే.

రెండోదానికి శివరాత్రి జాగారం మంచి అదను. ఆ రాత్రి కాళేశ్వరంలో ఎలాగూ ఎవరూ పడుకోరు. తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో చిత్త నక్షత్రం దక్షిణం వైపు నిలబడి ఉంటుంది. అక్కడి నుంచి నిటారుగా కిందికి, చేయి చాపి మూడున్నర పిడికిళ్ల దూరం రండి. దిగంతానికి 23 డిగ్రీల పైన మసక నక్షత్రంలా ఒకటి ఉంటుంది, దాని పేరు ఒమేగా సెంటారీ. లెక్కకు అది గోళాకార నక్షత్ర గుచ్ఛం. కానీ ఎప్పుడో పాలపుంత మింగేసిన గెలాక్సీలో మిగిలిన గుండెకాయ అదేనని చాలామంది నమ్మకం. 20 ఏళ్ల హబుల్ ఫోటోలను పోల్చి, దాని నడుమ కనీసం 8,200 సూర్యుళ్ల బరువున్న బ్లాక్ హోల్ ఉందనడానికి ఆధారాలను 2024లో ప్రచురించారు.

మూడోది ధనూరాశిలో ఉంది. దాని మీదే మన ప్రాక్టికల్, కాబట్టి ప్రస్తుతానికి పక్కన పెడదాం.

2. గుంపును గుర్తుపట్టడం

ఉపగ్రహ గెలాక్సీల్లో చాలావాటికి ఆకారమంటూ కనబడదు. ఫోటోలో వెతికితే మామూలు నక్షత్రాలే కనిపిస్తాయి. కొన్నిటి మొత్తం వెలుగు కలిపినా కొన్ని వందల సూర్యుళ్లంత మాత్రమే.

ప్రాణహిత పుష్కరాల్లో ఘాట్ మీద లక్షల జనం ఉన్నప్పుడు మన ఊరివాళ్లను ఎలా పడతాం? ఒక్క మొహాన్ని చూసి కాదు. ఒకే రకం చీరకట్టు, ఒకే మూటలు, ఒకే వైపు నడక కనిపిస్తే అక్కడ ఒక ఊరు ఉందని తెలుస్తుంది. నక్షత్రాలకూ అంతే. ఒక గెలాక్సీలోని నక్షత్రాలన్నీ మనకు దాదాపు ఒకే దూరంలో ఉంటాయి. అందుకే రంగు ఒకవైపు, ప్రకాశం ఒకవైపు పెట్టి గీసిన పటంలో అవి ఒక తెలిసిన వంపు మీద వరుసగా కూర్చుంటాయి. కంప్యూటరుకు ఆ వంపు నేర్పి, దాని మీద పడే నక్షత్రాలను మాత్రమే ఉంచి, ఆకాశంలో ఎక్కడ గుమిగూడాయో చూడమంటారు. తర్వాత ఆ వంపును దూరం ప్రకారం కిందికి జరిపి మళ్లీ వెతకమంటారు.

హార్లో షాప్లీ 1938లో స్కల్ప్టర్ గెలాక్సీని ప్రకటించే నాటికి ఇది గాజు ఫోటో పలకల మీద కంటితో చేసే పని. 2005 తర్వాత ఆకాశాన్ని ముక్కముక్కగా డిజిటల్ ఫోటోలు తీసే స్లోన్ సర్వే, ఆ తర్వాత డార్క్ ఎనర్జీ సర్వే వచ్చి కథ మార్చేశాయి. అప్పటిదాకా డజను కూడా లేని పాలపుంత ఉపగ్రహాలు ఇప్పుడు 60 దాటాయి. చిలీలో 3,200 మెగాపిక్సెల్ కెమెరాతో రూబిన్ అబ్జర్వేటరీ తొలి చిత్రాలు 2025 జూన్‌లో వచ్చాయి. ఈ లెక్క ఇంకా పెరుగుతుంది.

3. దూరం

ఇది త్వరగా ముగిస్తాను, ఎందుకంటే పాఠ్యపుస్తకాల్లో బాగానే ఉంది. వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉండే నక్షత్రాల అసలు ప్రకాశం తెలిస్తే, కనబడే ప్రకాశంతో పోల్చి దూరం చెప్పొచ్చు. అలాంటి నక్షత్రాల్లో సెఫీడ్లు ఒక రకం. వాటి వెలుగుకూ, అది పెరిగి తరిగే కాలానికీ ఉన్న సంబంధాన్ని హెన్రియెట్టా లీవిట్ 1912లో చూపింది. ఆమె వాడిన 25 సెఫీడ్లు చిన్న మెగల్లానిక్ మేఘంలోవే. విశ్వాన్ని కొలిచే టేపు మనకు ఒక ఉపగ్రహ గెలాక్సీ ఇచ్చిందన్నమాట! ముసలి నక్షత్రాలే మిగిలిన చిన్న గెలాక్సీల్లో సెఫీడ్ల బదులు ఆర్ఆర్ లైరే నక్షత్రాలు వాడతారు.

దూరంలో తప్పు పోతే తర్వాతి మెట్లన్నీ తప్పుతాయి. వేగం, కక్ష్య, బరువు అన్నీ దూరం మీదే నిలబడతాయి. ఇది గుర్తుంచుకుని ముందుకు పోదాం.

4. కదలిక: అసలు పని ఇక్కడే

ఏ నక్షత్రానికైనా మూడు వైపుల కదలిక ఉంటుంది. మన వైపు రావడం లేదా దూరం పోవడం ఒకటి, ఆకాశం మీద అడ్డంగా జరగడంలో రెండు (తూర్పు పడమర, ఉత్తర దక్షిణ).

మొదటిది వర్ణపటంతో తెలుస్తుంది. రైలు దాటిపోయేటప్పుడు హారన్ స్వరం మారినట్టే, దూరం పోతున్న నక్షత్రపు కాంతి గీతలు ఎరుపు వైపు జరుగుతాయి. ఈ పనిలో అందరూ వాడేవి కాల్షియం గీతలు మూడు, 850 నానోమీటర్ల దగ్గర ఉంటాయి. 854.2 దగ్గరున్న గీత, నక్షత్రం సెకనుకు 100 కిలోమీటర్ల వేగంతో దూరం పోతుంటే 0.285 నానోమీటర్లు జరుగుతుంది. ఒక్కో నక్షత్రానికీ ఒక్కో ఫైబర్ పెట్టి, ఒకే రాత్రి వందల నక్షత్రాల వర్ణపటాలు తీస్తారు.

ఇక్కడే ఒక గొప్ప సంగతి బయటపడింది. 1983లో మార్క్ ఆరన్సన్ డ్రేకో అనే చిన్న గెలాక్సీలో మూడంటే మూడు కార్బన్ నక్షత్రాల వేగాలు కొలిచాడు. వాటి మధ్య తేడా ఉండాల్సిన దానికంటే ఎక్కువ వచ్చింది. కనబడే నక్షత్రాల బరువుతో అంత వేగాలను పట్టి ఉంచడం కుదరదు. చిన్న గెలాక్సీల్లో కృష్ణ పదార్థం, అదే డార్క్ మ్యాటర్, బాగా ఎక్కువని చెప్పిన తొలి సూచన అది. మూడు నక్షత్రాలతో అంత పెద్ద మాట అనడానికి ధైర్యం కావాలి. తర్వాత వందల నక్షత్రాలు కొలిచినా ఆ మాట నిలబడింది.

రెండోది, అడ్డంగా జరగడం, చాలా కష్టం. పెద్ద మెగల్లానిక్ మేఘం ఆకాశం మీద ఏడాదికి దాదాపు 1.9 మిల్లీ ఆర్క్‌సెకన్లు జరుగుతుంది (డిగ్రీలో 3,600వ వంతు ఆర్క్‌సెకను, అందులో వెయ్యో వంతు మిల్లీ ఆర్క్‌సెకను). దీన్ని పిల్లలకు ఇలా చెప్తాను: సిరోంచ నుంచి చార్మినార్ గీత గీస్తే 225 కిలోమీటర్లు ఉంటుంది. ఆ చార్మినార్ గోడ మీద ఒక చీమ ఏడాదంతా కలిపి రెండు మిల్లీమీటర్లు పాకింది. మనం ఇక్కడ డాబా మీద కూర్చుని ఆ పాకడాన్ని కొలవాలి. క్లాసులో ఎవరో ఒకరు తప్పకుండా "సర్, దారిలో అడవి అడ్డం వస్తుంది కదా" అంటారు. నిజమే. గాలి కూడా అడ్డం వస్తుంది. అందుకే ఈ కొలత అంతరిక్షంలోంచి చేస్తారు.

హబుల్‌తో నిత్యా కల్లివయలిల్ బృందం 2006లో ఈ మేఘాన్ని కొలిస్తే, అనుకున్నదానికంటే వేగంగా పోతోందని తేలింది. అప్పటిదాకా అది పాలపుంత చుట్టూ ఎన్నో చుట్లు తిరిగిందని అనుకునేవారు. ఆ వేగంతో లెక్కవేస్తే ఇది మొదటిసారి వస్తున్న చుట్టమని 2007లో గుర్టీనా బెస్లా బృందం వాదించింది. ఒక్క వేగం మారితే పాత కథ మొత్తం మారింది.

ఆ తర్వాత నక్షత్రాల స్థానాలూ కదలికలూ కొలిచే గైయా అనే అంతరిక్ష టెలిస్కోపు వచ్చింది. 2013 డిసెంబరులో పైకెళ్లి, 2025 జనవరి దాకా పనిచేసి, దాదాపు 200 కోట్ల నక్షత్రాలను కొలిచింది. అందులో విడుదలైన డేటా అంతా ఉచితం. పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు.

ఇప్పుడు ఒక చిన్న సూత్రం. మిల్లీ ఆర్క్‌సెకన్లలో ఏడాది కదలికను, కిలోపార్సెక్కుల్లో దూరాన్ని, 4.74ను గుణించండి. సెకనుకు కిలోమీటర్లు వస్తాయి. ఒక కిలోపార్సెక్ అంటే దాదాపు 3,260 కాంతి సంవత్సరాలు. పెద్ద మేఘానికి 1.9, 50, 4.74 గుణిస్తే 450 వస్తుంది. కానీ పుస్తకాల్లో దాని వేగం సెకనుకు 320 కిలోమీటర్ల దగ్గర కనిపిస్తుంది. తేడా ఎందుకు? మనం కూర్చున్న పడవ కూడా కదులుతోంది! సూర్యుడు పాలపుంత కేంద్రం చుట్టూ సెకనుకు దాదాపు 250 కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్నాడు. ఆ కదలికను దిశతో సహా తీసేయాలి, మన వైపు వచ్చే పోయే వేగాన్ని కలపాలి. నేను మొదటిసారి చేసినప్పుడు ఇది మర్చిపోయి, ఒక వారం పాటు ఒక కొత్త విషయం కనిపెట్టానన్న భ్రమలో ఉన్నాను.

5. మీ లాప్‌టాప్ మీద ఒక గెలాక్సీని విడదీయండి

ఇప్పుడు ధనూరాశికి వద్దాం. 1994లో రోడ్రిగో ఇబాటా, గెరార్డ్ గిల్మోర్, మైక్ ఇర్విన్ పాలపుంత మధ్యభాగపు నక్షత్రాల వేగాలు కొలుస్తుంటే, ఒక గుంపు మాత్రం వేరే వేగంతో పోతూ కనిపించింది. అదే సాజిటేరియస్ మరుగుజ్జు గెలాక్సీ. పాలపుంత ఇప్పుడు, మన కళ్లముందే, చింపేస్తున్న గెలాక్సీ. దాని నడుమ ఎం54 అనే గుచ్ఛం ఉంది. అక్టోబరు మొదట్లో చీకటి పడగానే దక్షిణాన ఉత్తరాషాఢ దగ్గర చిన్న టెలిస్కోపుతో వెతికితే మసక గుండ్రంగా దొరుకుతుంది. ఆ కాంతి బయల్దేరి దాదాపు 86,000 ఏళ్లయింది. చార్లెస్ మెస్సియే 1778లోనే దీన్ని చూశాడు, కానీ చూస్తున్నది ఇంకో గెలాక్సీ నడుమను అని అతనికి తెలిసే వీలు లేదు.

టాప్‌క్యాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి. అందులోంచే గైయా మూడో విడుదలను అడగొచ్చు. కేంద్రం రైట్ అసెన్షన్ 283.76, డెక్లినేషన్ మైనస్ 30.48 డిగ్రీలు పెట్టండి (ఆకాశానికి ఇవే రేఖాంశం, అక్షాంశం లాంటివి). చుట్టూ ఒక డిగ్రీ చాలు. ప్రకాశం 18 కంటే వెలుగైనవి మాత్రమే అడగండి (ఈ అంకె పెరిగేకొద్దీ నక్షత్రం మసకవుతుంది), లేకపోతే డౌన్‌లోడ్ తెల్లారినా అవదు. మాకు ఒకసారి తొంభై శాతం దగ్గర కరెంటు పోయింది. అప్పటి నుంచి అరడిగ్రీ ముక్కలుగా అడుగుతున్నాను.

వచ్చిన పట్టికలో నమ్మలేని కొలతలను తీసేయండి. రూవే అనే ఒక గడి ఉంటుంది, 1.4 కంటే తక్కువ ఉన్నవే ఉంచండి. పారలాక్స్ అంటే భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల నక్షత్రం అటూ ఇటూ జరిగినట్టు కనబడే కోణం. అది 0.2 దాటినవి దగ్గరి నక్షత్రాలు, అవీ అక్కర్లేదు. ఎం54 నట్టనడుమ నక్షత్రాలు ఒకదానిమీద ఒకటి పడి గైయా కూడా తికమకపడుతుంది, కాబట్టి మధ్యలో కొన్ని ఆర్క్‌మినిట్ల గుండ్రాన్ని కూడా వదిలేయండి.

మిగిలినవాటి అడ్డు కదలికలను పటం గీయండి, తూర్పు పడమర కదలిక ఒక అక్షం మీద, ఉత్తర దక్షిణ కదలిక ఇంకో అక్షం మీద. మొదట పెద్ద మబ్బులాగా పరుచుకున్న చుక్కలు కనిపిస్తాయి. అవి మన పాలపుంత నక్షత్రాలు, ఒక్కోటి ఒక్కో దూరంలో ఒక్కో దారిన పోతున్నవి. ఆ మబ్బుకు ఒక పక్కన, మైనస్ 2.69, మైనస్ 1.36 దగ్గర, పోగుపడిన ఒక ముడి ఉంటుంది. చుక్కలు చిన్నగా చేసి, రంగు పలచగా పెడితేనే ఆ ముడి బయటపడుతుంది.

ఈ ముడిని మొదటిసారి చూసిన మా పన్నెండో తరగతి అమ్మాయి స్క్రీన్ మీద వేలు పెట్టి, "ఇది వేరే గెలాక్సీయా సర్, నిజంగా?" అని రెండుసార్లు అడిగింది. నిజంగానే.

ఆ ముడి చుట్టూ 0.4 మేర గిరి గీసి, లోపలి నక్షత్రాలను మాత్రమే తీసుకుని రంగుకూ ప్రకాశానికీ పటం గీయండి. ముందు గజిబిజిగా ఉన్న పటం ఇప్పుడు ఒక వాలుగా సర్దుకుంటుంది. ఎర్రబడిన ముసలి నక్షత్రాల వరుస అది, ఒకే దూరంలో ఉన్నాయనడానికి సాక్ష్యం. కదలికతో విడదీశాం, రంగుతో సరిచూశాం. రెండు వేర్వేరు సాక్షులు ఒకే మాట చెప్తే తప్ప నమ్మకూడదు.

6. ఎక్కడిదాకా తన సొంతం

చిన్న గెలాక్సీ ఎంత దూరం వరకు తన నక్షత్రాలను పట్టి ఉంచగలదు? సముద్రంలో ఆటుపోట్లు తెచ్చే బలమే ఇక్కడా పనిచేస్తుంది. దగ్గరి వైపు నక్షత్రాలను పెద్ద గెలాక్సీ గట్టిగా లాగుతుంది, అవతలి వైపువాటిని తక్కువగా లాగుతుంది, నడుమ చిన్నది సాగుతుంది.

రఫ్ లెక్క ఇది. పెద్దదాని బరువును మూడుతో గుణించి చిన్నదాని బరువుతో భాగించండి. వచ్చినదానికి ఘనమూలం తీయండి. రెండింటి మధ్య దూరాన్ని దానితో భాగిస్తే హద్దు వస్తుంది. ఉదాహరణకు పెద్దది 90,000 కోట్ల సూర్యుళ్ల బరువు, చిన్నది 10 కోట్ల సూర్యుళ్లు, మధ్య దూరం 3 లక్షల కాంతి సంవత్సరాలు అనుకుందాం. నిష్పత్తి 9,000, మూడుతో గుణిస్తే 27,000, ఘనమూలం 30. హద్దు 10,000 కాంతి సంవత్సరాలు. అదే గెలాక్సీ 60,000 దగ్గరికి వస్తే హద్దు కుంచించుకుపోతుంది. అయితే అప్పుడు పెద్దదాని బరువులో ఆ దూరం లోపల ఉన్నదే లెక్కకొస్తుంది కాబట్టి నేరుగా ఐదుతో భాగించకండి.

హద్దు దాటిన నక్షత్రాలు ఒకేసారి చెదిరిపోవు. కొన్ని ముందుకు, కొన్ని వెనక్కి, గెలాక్సీ పోయే దారి పొడవునా తీగలా సాగుతాయి. పడవ తాత చూపించిన మడ్డి నీళ్ల చార లాగే. సాజిటేరియస్ తీగ ఆకాశాన్ని చుట్టేసి ఉంది. ఆండ్రోమెడా చుట్టూ ఇలాంటి పెద్ద తీగను 2001లో చూశారు. దూరపు గెలాక్సీల విషయంలో ఔత్సాహికుల చిన్న టెలిస్కోపులు కూడా పెద్ద పని చేశాయి. రాత్రుల తరబడి ఒకే గెలాక్సీ మీద ఎక్స్‌పోజర్ ఇచ్చి ఎన్‌జీసీ 5907 చుట్టూ నక్షత్రాల తీగను పట్టిన ఫోటో 2008 నాటిది. పెద్ద టెలిస్కోపులకు అంత ఓపికగా ఒకేచోట చూసే టైం దొరకదు.

7. గ్యాస్

నక్షత్రాలు లాగబడకముందే గ్యాస్ పోతుంది. పెద్ద గెలాక్సీ చుట్టూ పలచని వేడి గ్యాస్ ఉంటుంది. అందులోంచి చిన్నది వేగంగా దూసుకెళ్తే, బైకు మీద పోతుంటే భుజం మీది కండువా ఎగిరిపోయినట్టు దాని గ్యాస్ వెనక్కి ఊడిపోతుంది. గ్యాస్ లేకపోతే కొత్త నక్షత్రాలు పుట్టవు.

దీన్ని రేడియోలో చూస్తారు. మామూలు హైడ్రోజన్ 21 సెంటీమీటర్ల తరంగాన్ని, అంటే 1,420 మెగాహెర్ట్‌జ్ దగ్గర, వదులుతుంది. మన రాష్ట్రంలోనే, ఆ చివర నారాయణ్‌గావ్ దగ్గర ఉన్న జీఎంఆర్‌టీలో 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్నాయి. చిన్న గెలాక్సీల గ్యాస్ కొలవడంలో దానికి మంచి పేరుంది. మెగల్లానిక్ మేఘాల వెనక ఆకాశంలో 100 డిగ్రీలకు పైగా పరుచుకున్న హైడ్రోజన్ పాయకు 1974లో మెగల్లానిక్ స్ట్రీమ్ అని పేరొచ్చింది. పాలపుంతకు దగ్గరున్న చిన్న గెలాక్సీల్లో, ఈ మేఘాలను మినహాయిస్తే, గ్యాస్ దాదాపు కనబడదు. దూరంగా, 13 లక్షల కాంతి సంవత్సరాలకు అవతల ఉన్న లియో టి లాంటి బుల్లిదాంట్లో మాత్రం ఇంకా ఉంది. ఎవరు లోపలికి వచ్చి చాలాకాలమైందో, ఎవరు ఇంకా గుమ్మం బయట ఉన్నారో గ్యాసే చెప్పేస్తుంది.

8. రుచి చూసి ఇల్లు చెప్పడం

మా సిరోంచ తాలూకాలో కోట దగ్గరి రాళ్లలో డైనోసార్ ఎముకలు దొరికాయి. జంతువు పోయి కోట్ల ఏళ్లయినా రాయి దాని గురించి చెప్తుంది. పూర్తిగా కరిగిపోయిన గెలాక్సీకి అలాంటి రాయి దాని నక్షత్రాల్లోని మూలకాలు.

పెద్ద నక్షత్రాలు త్వరగా పేలి మెగ్నీషియం, ఆక్సిజన్ లాంటివి చల్లుతాయి. ఇంకో రకం పేలుళ్లు ఆలస్యంగా వచ్చి ఇనుము ఎక్కువగా చల్లుతాయి. పెద్ద గెలాక్సీ గబగబా నక్షత్రాలను వండేస్తుంది కాబట్టి ఇనుము చేరేసరికే కుండ నిండిపోతుంది. చిన్న గెలాక్సీ సన్నని మంట మీద నిదానంగా వండుతుంది, అందుకే మొత్తం మూలకాలు తక్కువగా ఉన్నప్పుడే ఇనుము వాటా పెరిగిపోతుంది. ఆవకాయ ముక్క నాలుక మీద పెట్టుకుని ఇది ఎవరింటిదో చెప్పే అత్తలుంటారే, వర్ణపట నిపుణులు ఆ కోవ. 2018లో గైయా కదలికలు, ఈ రుచి రెండూ కలిపి చూసి, సుమారు 1,000 కోట్ల ఏళ్ల కిందట పాలపుంత ఒక పెద్ద తోటి గెలాక్సీని మింగిందని తేల్చారు. దానికి గైయా-ఎన్సెలడస్ అని పేరు పెట్టారు. ఇప్పుడు దానికి ఆకారమంటూ లేదు. మిగిలింది నడకా, రుచీ.

9. కాలాన్ని వెనక్కి తిప్పడం

ఒక గెలాక్సీ గురించి ఆరు అంకెలు చేతికొస్తే దాని దారి గీయొచ్చు. ఆకాశంలో స్థానానికి రెండు, దూరం ఒకటి, అడ్డు కదలిక రెండు, మన వైపు వేగం ఒకటి. సాజిటేరియస్‌కు అవి 283.8, మైనస్ 30.5, 26.5 కిలోపార్సెక్కులు, మైనస్ 2.69, మైనస్ 1.36, సెకనుకు సుమారు 140 కిలోమీటర్లు. పైథాన్‌లో గాల్‌పై అనే ఉచిత ప్యాకేజీకి ఇవి ఇచ్చి వెనక్కి నడపమంటే పువ్వు రేకుల్లాంటి దారి గీస్తుంది. ఒకసారి నడిపి ఆపకండి. ప్రతి అంకెకూ కొలత తప్పు ఉంటుంది కదా, ఆ తప్పు మేర అంకెలు కదిలిస్తూ వంద సార్లు నడపండి. వంద దారులూ ఎక్కడిదాకా కలిసి పోతాయో అక్కడిదాకే నమ్మండి. నా చేతిలో సుమారు రెండు చుట్ల తర్వాత అవి చెల్లాచెదురయ్యాయి.

కంప్యూటర్లు లేని రోజుల్లో ఈ లెక్క ఎలా చేశారో చెప్పకుండా ఉండలేను. 1941లో స్వీడన్‌లో ఎరిక్ హోమ్‌బెర్గ్ ఒక్కో గెలాక్సీకి 37 చొప్పున కరెంటు బల్బులు బల్ల మీద పేర్చాడు. గురుత్వాకర్షణ లాగే వెలుతురు కూడా దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. కాబట్టి ప్రతి బల్బు దగ్గరా ఎంత వెలుతురు పడుతోందో ఫోటోసెల్‌తో కొలిచి, అదే ఆకర్షణ అనుకుని బల్బులను కొద్దికొద్దిగా జరిపాడు. రెండు గెలాక్సీల తోకలు సాగాయి! 1972లో టూమ్రే అన్నదమ్ములు ఇదే పనిని కంప్యూటర్ మీద చేసి, ఎం51 లాంటి జంటల్లో కనబడే వంతెనలూ తోకలూ కేవలం గురుత్వాకర్షణతోనే వస్తాయని చూపించారు.

ఇంకో బ్రేక్ ఉంది. చిన్న గెలాక్సీ పోతుంటే దాని వెనక కృష్ణ పదార్థం గుమిగూడి దాన్నే వెనక్కి లాగుతుంది. ఈ ఘర్షణ లెక్క 1943లో మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ చేసింది. బరువైనదాన్ని ఎక్కువగా ఆపుతుంది, అందుకే పెద్ద ఉపగ్రహాలు త్వరగా లోపలికి జారతాయి, బుల్లివి ఎంతోకాలం తిరుగుతూ ఉంటాయి. వెనక్కి నడిపేటప్పుడు ఈ బ్రేకు గుర్తు తిరగేయాలి. మర్చిపోతే గెలాక్సీ గతంలో కూడా దగ్గరికే వస్తున్నట్టు చూపిస్తుంది.

10. పెద్దదానికి ఏమైంది

చాలా రోజులు పెద్ద గెలాక్సీని కదలని బండలా పెట్టి లెక్కలు చేశారు. గాల్‌పైలో మీరు మొదట గీసే దారి కూడా అలాంటిదే. అది తప్పు. పెద్ద మెగల్లానిక్ మేఘం బరువు పాలపుంత బరువులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా ఉంటుందని ఇప్పటి అంచనా. అంత బరువు పక్కకొస్తే ఇవతలిది కూడా ఊగుతుంది. దూరపు నక్షత్రాల వేగాలు కొలిచి, పాలపుంత పళ్లెం (సూర్యుడితో సహా చాలా నక్షత్రాలు తిరిగే చదునైన భాగం) తన చుట్టూ గోళంలా పరుచుకున్న బయటి హాలోతో పోలిస్తే సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో కదులుతోందని 2021లో చూపించారు.

సూర్యుడి చుట్టుపక్కల నక్షత్రాలు పళ్లెం పైకీ కిందికీ ఎంత ఎత్తులో ఉన్నాయి, ఎంత వేగంతో ఊగుతున్నాయి అని గైయా డేటాతో 2018లో పటం గీస్తే, నత్తగుల్ల లాంటి చుట్టు కనిపించింది. 30 కోట్ల నుంచి 90 కోట్ల ఏళ్ల కిందట ఎవరో వచ్చి పళ్లేన్ని కుదిపిన గుర్తు అది. అనుమానం సాజిటేరియస్ మీదే. కానీ దాని బరువు అంతగా కుదపడానికి సరిపోతుందా అనే పంచాయితీ ఇంకా తెగలేదు. నాకైతే ఒక్కరే చేశారని అనిపించదు.

ఈ మెట్టు సొంతంగా చేయాలంటే గైయాలో సూర్యుడికి దగ్గరగా, మన వైపు వేగం కూడా కొలిచిన నక్షత్రాలను తీసుకోండి. ఎత్తు ఒక అక్షం, నిలువు వేగం ఇంకో అక్షం. చుక్కల సాంద్రత గీసి, దాంట్లోంచి మెత్తగా చేసిన సగటును తీసేస్తే గుల్ల బయటికొస్తుంది. సూర్యుడి సొంత నిలువు వేగం కలపడం మరవొద్దు.

దీని తర్వాత స్కల్ప్టర్ మీద ఐదో మెట్టు మళ్లీ చేయండి. కేంద్రం 15.04, మైనస్ 33.71. అది సాజిటేరియస్ కంటే మూడింతలు దూరం, కదలిక దాదాపు సున్నా, కాబట్టి ముడి అంత తేలిగ్గా విడిపోదు, ప్రకాశం హద్దును 18 నుంచి 20కి జరపాలి. మా పిల్లలు దాని మీద మూడు శనివారాలు పెట్టారు. మొదటి రెండు శనివారాలు రూవే గడిని వదిలేశామని మూడో శనివారం తెలిసింది.